మూడు ఎర్ర కుట్లు

నా కుట్టుమిషన్ పక్కన ఒక పాత బిస్కెట్ డబ్బా ఉంది. అందులో హుక్కులు, బొత్తాలు ఉంటాయని అందరూ అనుకుంటారు. పైన ఉన్నవి అవే. వాటి కింద, కాగితంలో చుట్టి, రెండు పట్టుముక్కలు ఉన్నాయి. రవిక చేతులు. పన్నెండేళ్ళుగా వాటిని మోస్తున్నాను. తూచితే తులం కూడా తూగవేమో. ఇప్పటికి రెండుసార్లు షాపు మారాను. రెండుసార్లూ మిషన్లను, బీరువాను వేరేవాళ్ళ చేతుల్లో వదిలేశాను గానీ ఆ డబ్బాను మాత్రం ఒళ్ళో పెట్టుకుని ఆటోలో నేనే తెచ్చుకున్నాను.

మీరెవరో నాకు తెలియదు. అందుకే చెప్పగలుగుతున్నాను. తెలిసినవాళ్ళకు చెప్పబోయి చాలాసార్లు మాట మార్చేశాను.

నంద్యాలలో పెళ్ళిరవిక అనగానే నా షాపు పేరు చెప్తారు. గొప్పకు అనడం లేదు, ఈ సంగతి అర్థం కావాలంటే అది తెలియాలి. కొత్త మోడల్ రవికకు తల్లిదో అవ్వదో పాత పెళ్ళిచీర అంచు వేసి కుట్టడం ఈ చుట్టుపక్కల మొదలుపెట్టింది నేనే. వీపు మీద మగ్గం పని, చేతులకు పాత అంచు. ఇప్పుడు తల్లులు ట్రంకుపెట్టెల అడుగు నుంచి చీరలు తీసుకుని వస్తారు. దానికి 'అమ్మ అంచు' అని పేరు కూడా పడింది. అసలు ఆ పేరు తెచ్చిపెట్టిన మొదటి రవికకు అమ్మ అంచు లేదు.

తొంభైల చివర్లో సంగతి. హైదరాబాదులో ఆరు నెలలు మగ్గం పనీ కొత్త కటింగులూ నేర్చుకుని వచ్చి షాపు పెట్టాను. ఏడాది కూడా నిండలేదు. ఖాదర్‌బీ అని ఒకామె నా దగ్గర మగ్గం పని చేసేది. ఆళ్ళగడ్డ నుంచి భారతి అనే అమ్మాయి వచ్చింది. వాళ్ళ నాయన రాతి విగ్రహాలు చెక్కే మనిషి. తల్లి ఆ పిల్ల చిన్నప్పుడే పోయింది. పెళ్ళికి ఉల్లిపొర రంగు పట్టుచీర తీసుకున్నారు. ఆ రోజుల్లో పెళ్ళికి అలాంటి రంగు కట్టడమే వింత. దాని మీదికి ఏ మోడల్ బాగుంటుందని అడిగింది. మీ అమ్మ చీర ఏదన్నా ఉంటే తీసుకురా, అంచు చేతులకు వేద్దాం అన్నాను. ఆ మాటకు ఆ పిల్ల కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. నేను మాత్రం నా తెలివికి నేనే మురిసిపోయాను.

రెండు రోజుల తర్వాత భారతి వాళ్ళవ్వ ఓబులమ్మ ఒక్కతే బస్సు దిగి వచ్చింది. పోయినామెకు తల్లి. గుడ్డసంచిలోంచి గజం కూడా లేని పట్టుముక్క తీసింది. చిలకపచ్చ అంచు, నల్లబడిన జరీ, కర్పూరం వాసన. చీర మొత్తం లేదు. కూతురు ముత్తైదువగా పోయింది కాబట్టి పెళ్ళిచీర కట్టే సాగనంపారు. ఎత్తే ముందు అవ్వ కొంగు పక్కన అంచు వెంబడి అంత ముక్క చించి దాచుకుంది. శవం మీది గుడ్డ చించుతావా అని చుట్టూ ఉన్నవాళ్ళు తిట్టారట. నా మనవరాలికి తల్లిదని ఏమన్నా ఉండొద్దా అని ఎదురు తిరిగిందట.

ఆ అంచులో ఒకచోట మూడు ఎర్ర కుట్లు ఉన్నాయి. భారతి కడుపులో ఉన్నప్పుడు, శ్రీమంతం నాడు, హారతి నిప్పురవ్వ పడి అక్కడ కాలింది. కూతురు ఏడుస్తుంటే, పచ్చదారం చేతికందక, అవ్వ అప్పటికప్పుడు ఎర్రదారంతో కుట్టింది. ఇదంతా నాకు చెప్పి, నా వేలు పట్టుకుని ఆ కుట్ల మీద పెట్టింది. వీటిని మాత్రం విప్పొద్దమ్మా అంది. సరే అవ్వా అన్నాను.

కటింగు తెలిసినవాళ్ళు ఇది వింటే నవ్వుతారు. రవిక చేతులు రెండూ ఒకేలా ఉండవు. చంక దగ్గర తీసే లోతు కుడిదానికి ఒక పక్క వస్తుంది, ఎడమదానికి ఇంకో పక్క. అందుకే గుడ్డను రెండు మడతలు వేసి ఒకేసారి కత్తిరిస్తాం, జత దానంతటదే వస్తుంది. ఆ పట్టు మరీ పాతది. మడిస్తే మడత దగ్గరే చీలేలా ఉంది. అందుకని పరిచిపెట్టి, చేతి కొలతకు కత్తిరించిన కాగితం పైన ఉంచి, ఒక చెయ్యి కత్తిరించాను. రెండోదానికి కాగితం తిరగేసి పెట్టాలి. పెట్టలేదు. ఈ రవికతో మన పేరు ఎట్లా మోగుతుందో చూడు అని ఖాదర్‌బీతో గొప్పలు పోతూ కత్తిరించేశాను. తర్వాత రెండింటినీ పక్కపక్కన పెట్టి చూశాను. రెండూ కుడిచేతులే. తిరగేసి కుడదామంటే లోపలివైపు జరీ పోగులు వేలాడుతున్నాయి. ఇంకో ముక్క తెద్దామంటే మిగతా చీర తల్లితోనే పోయింది.

చెప్పేద్దాం అక్కా, తిడితే తిట్టించుకుందాం అంది ఖాదర్‌బీ. చంక కింద అతుకు వేస్తే కనబడదు అని కూడా అంది. నిజమే, కనబడేది కాదు. ఇప్పుడైతే అతుకే వేస్తాను. అప్పుడు మాత్రం, హైదరాబాదులో నేర్చుకుని వచ్చినదాన్ని, మొదటి పెళ్ళిరవికకే అతుకా అనుకున్నాను. పాతబట్టలకు స్టీలు సామాన్లు ఇచ్చే ఆమె మా వీధికి వచ్చేది. ఆమె మూట విప్పించి వెతికితే చిలకపచ్చ అంచు చీర దొరికింది. ఎవరిదో, ఏ ఊరిదో, ఏ గిన్నెకు మార్చుకున్నారో. జరీ కూడా అంతే నల్లగా ఉంది. రెండు రోజులు కర్పూరంలో పెట్టి ఆ అంచుతో చేతులు కుట్టాను. అప్పటివరకు జరిగింది పొరపాటు. కర్పూరం పెట్టడం పొరపాటు కాదు.

పెళ్ళి ఆళ్ళగడ్డలో. పెళ్ళికూతురిని ముస్తాబు చేయడానికి నన్నే పిలిచారు. రవిక తొడిగాక గదిలో ఉన్న ఆడవాళ్ళందరూ భారతి చుట్టూ మూగారు. వీపు మీద పని, చేతులకు ఆ పాత పచ్చ, ఉల్లిపొర రంగు మీద ఎంత బాగుందో చెప్పలేను. భారతి తన భుజాన్ని తానే నిమురుకుంటూ ఏడ్చింది. వాళ్ళ నాయన గడప దాటకుండా నిలబడి చూసి, కండువాతో ముఖం తుడుచుకుని వెళ్ళిపోయాడు. అప్పుడు అవ్వ వచ్చింది. మనవరాలి చెయ్యి పట్టుకుని అంచు వెంబడి వేళ్ళతో తడిమింది. ఒక చెయ్యి అయ్యాక ఇంకోటి.

"ఈడ మూడు కుట్లు ఉండల్ల గదమ్మా. యాడ పోయినాయి?"

"ఏ కుట్లు అవ్వా?"

"నేనేసినవి. నీ అంగట్లో నీకు చూపిస్తి గదా."

"ఆ గుడ్డలో కుట్లేమీ లేవవ్వా. నువ్వు మర్చిపోయింటావు. వయసైంది గదా."

ఎవరో నవ్వారు. ఊరుకో అవ్వా, ఈ పొద్దు ఏందిది అని భారతి విసుక్కుంది. అవ్వ ఇంకోసారి తడిమింది. తర్వాత తన వేళ్ళను చూసుకుంది. "అట్లనా. అయితే నాకే మతి పోతాందేమో" అని పక్కకు జరిగింది.

కర్పూరం దాకా ఆలోచించినదాన్ని, ఆ మూడు కుట్లు మాత్రం మర్చిపోయాను. పొరపాటున విప్పేశాను అవ్వా అని ఉండొచ్చు కదా? అదీ అబద్ధమే, కానీ అందులో తప్పు నాదని ఉండేది. అంతమంది ఆడవాళ్ళ ముందు చిన్న తప్పు కూడా నా మీద వేసుకోలేకపోయాను. నా పేరు నిలబెట్టుకోవడానికి ఒక ముసలామెను పిచ్చిదాన్ని చేశాను. అప్పుడు నాకు భయమే గానీ సిగ్గు వేయలేదు. సిగ్గు తర్వాత వచ్చింది. పెళ్ళిభోజనం మాత్రం కడుపునిండా తిన్నాను.

ఆ పెళ్ళి చూసినవాళ్ళు షాపు వెతుక్కుంటూ వచ్చారు. ఏడాది తిరిగేలోగా ముగ్గురిని పనికి పెట్టుకున్నాను. భారతి ఇంకో రవికకు వచ్చినప్పుడు మాటల్లో చెప్పింది: అవ్వ ఇప్పుడు కూరలో ఉప్పు వేసిందీ లేనిదీ ఎవరినో ఒకరిని అడుగుతోందట. మొలకు వేలాడే తాళంచెవి తనే తీసి కోడలి చేతిలో పెట్టేసిందట. నా బిడ్డ గుడ్డే నాకు గుర్తు లేనప్పుడు ఈ తాళం నాకెందుకు అందట. భారతి దాన్ని నవ్వుతూనే చెప్పింది. నేను టేపు చేత్తో పట్టుకుని కొలతలు రెండుసార్లు తప్పు రాశాను.

ఇక ఉండలేక ఒకరోజు ఆ రెండు చేతులూ సంచిలో పెట్టుకుని ఆళ్ళగడ్డ బస్సు ఎక్కాను. ఈసారి చెప్పేస్తాను అనే అనుకున్నాను. పక్కనే విగ్రహాలు చెక్కుతున్న ఉలి చప్పుడు. అవ్వ అరుగు మీద కూర్చుని ఉంది. నన్ను గుర్తుపట్టి, పక్కన కూర్చోబెట్టుకుంది. నేను నోరు తెరిచేలోపు ఆమే నా చెయ్యి పట్టుకుంది.

"ఆ పొద్దు పెండ్లిలో నలుగురిలో నీ మీద నింద ఏస్తి. మతి లేక అన్నా. మనసులో పెట్టుకోవద్దమ్మా."

సంచి నా ఒళ్ళోనే ఉంది. చెయ్యి పెడితే తగిలేంత దగ్గర.

"పర్వాలేదులే అవ్వా" అన్నాను.

క్షమించాను. విన్నారా? నేను ఆమెను క్షమించాను. ఆమె ఇచ్చిన మజ్జిగ తాగి, సంచి పట్టుకుని, బస్సెక్కి వచ్చేశాను. దొంగే దొరను మన్నించినట్టు. ఆ తర్వాత రెండేళ్ళకు అవ్వ పోయింది. నేను చూడటానికి కూడా వెళ్ళలేదు.

భారతికి ఇప్పుడు ఒక కూతురు. ఆ రవికను దాని పెళ్ళికని దాచిపెట్టింది. చెబితే భారతికి తల్లి రెండోసారి పోతుంది. చెప్పకపోతే అవ్వ ఎప్పటికీ మతి తప్పిన మనిషిగానే మిగిలిపోతుంది. ఏది చెయ్యాలో ఈ రోజుకీ నాకు తెలియదు. ఖాదర్‌బీ ఆ పెళ్ళయిన నెలకే నా దగ్గర పని మానేసింది. కారణం అడగలేదు, నాకు తెలుసు.

ఇది రాయడానికి కూర్చునే ముందు డబ్బా తెరిచి, కాగితం విప్పి చూశాను. కర్పూరం వాసన పోయింది. కుట్లు అలాగే ఉన్నాయి. కళ్ళు మూసుకుని, అవ్వ తడిమినట్టే, అంచు వెంబడి వేళ్ళతో తడిమాను. దొరకడానికి క్షణం పట్టలేదు. ఒకటి, రెండు, మూడు. ఎర్రదారం. అవ్వ చేతులు సరిగ్గానే చెప్పాయి.