దశరథం బండిలో ఆడగొంతు

దశరథం ఎవరినో పెట్టుకున్నాడన్న మాట శుద్ధ అబద్ధం. మిగతా కథ ఏదైనా ముందు ఆ సంగతి తేలిపోవాలి. గుజరాత్‌లోని ఉధ్నాలో తెలంగాణ సాంచెలవాళ్లు ఉండే గల్లీలో ఆ మాట సోమవారం పొద్దున కుళాయి దగ్గర పుట్టింది. మధ్యాహ్నానికి మూడంతస్తులు ఎక్కి దిగింది. దీపాలు పెట్టే వేళకు కిరాణా కొట్టు దాకా వెళ్లి, తిరిగి వచ్చేటప్పుడు దశరథంతో పాటు ఒక గుజరాతీ ఆవిడను కూడా వెంటబెట్టుకు వచ్చింది.

మాటకు తల్లి సంధ్యారాణి. రెండో అంతస్తులో ఉంటుంది. ఆమెను తిట్టడానికి లేదు, చూసిందే చెప్పింది.

గల్లీ చివర శేఠ్ గోదాము గోడకు కరెంటు బండ్లకు చార్జింగ్ పెట్టే డబ్బా ఒకటుంది. టాక్సీ నడిపే దశరథం రోజూ సాయంత్రం ఆరింటికి తన తెల్లబండిని అక్కడ ఆపి, తీగ తగిలించి, అద్దాలన్నీ పైకెత్తుకుని లోపలే కూర్చుంటాడు. గంటో గంటన్నరో. పాలకని వెళ్లిన సంధ్యారాణి ఆ బండిలోంచి ఆడగొంతు విన్నది.

"నా రెండు చెవులార ఇన్న పెద్దమ్మా," అంది భూదేవితో. గల్లీలో ఏ మాటైనా ముందు భూదేవి గడప తొక్కాలి, అది రివాజు.

"మనిషి కనవడ్డదా?"

"కనవడలే. ఎనక సీట్ల పండుకున్నదేమో."

"పండుకుని గంత గట్టిగ మాట్లాడుతదా? కలవరిస్తున్నదా ఏంది?"

"నవ్వకు పెద్దమ్మా. దశరథం మామ పెదవులు చూసిన. అద్దంల నుంచి సాఫ్ కనవడ్డయి. 'తిన్నవా' అన్నడు. 'ఎప్పుడొస్తవ్' అన్నడు. 'ఇంటికి రారాదు' అన్నడు."

అక్కడ భూదేవి నవ్వు ఆగిపోయింది.

బయటివాళ్లకు ఇది వింతగా ఉండొచ్చు. సాంచెలంటే మరమగ్గాలు. ఒక్క కొట్టంలో నలభై యాభై నడుస్తుంటే పక్కన నిలబడి అరిచినా చెవిన పడదు. అందుకని ఆ కార్ఖానాల్లో పనిచేసిన ప్రతి మనిషికీ రెండు విద్యలు అబ్బుతాయి. పెదవులు చూసి మాట పట్టడం ఒకటి, చేతులతో మాట చెప్పడం ఒకటి. సంధ్యారాణి పదేళ్లు నూలు కండెలు చుట్టిన పిల్ల. చెవులు మోసం చేస్తాయేమో గాని ఆమె పెదవి చదివితే తప్పు పోదు.

భూదేవికి అరవై దాటాయి. నాలుగో తరగతి దాకా చదివింది, ఆ తర్వాత గల్లీని చదివింది. ఎవరి పప్పులో ఉప్పెక్కువైందో, ఎవరి అల్లుడు అలిగాడో ఆమెకు తెలియకపోతే ఆ పూట అన్నం దిగదు. కానీ ఈసారి ఆమెను కుదురుగా కూర్చోనివ్వనిది ఆరా ఒక్కటే కాదు. గురువారం దగ్గరికొస్తోంది. ప్రతి గురువారం ఆగయ్య నడిపే నూలు టెంపో కిమ్ అనే ఊరికి పోతుంది. కిమ్‌లో నీరజ ఉంది.

నీరజ దశరథం భార్య. కూతురి కాన్పుకని కిమ్ వెళ్లి ఏడాదిన్నర అయింది. పిల్లాడు నడుస్తున్నాడు, మాటలు కూడా వస్తున్నాయి, నీరజ మాత్రం రాలేదు. తగవు లేదు, తన్నులాట లేదు. "వస్తలే అక్కా, చూద్దాం," అంటుంది అడిగినప్పుడల్లా. ఆ చూద్దాం ఎటు మొగ్గుతుందో భూదేవికి అంతు చిక్కడం లేదు. ఆగయ్య నోట్లో నువ్వుగింజ నానదు. ఈ మాట గనక టెంపో ఎక్కి కిమ్‌లో దిగిందంటే ఇక నీరజ వచ్చేది లేదు.

ఈ దశరథాన్ని భూదేవి ఎరగనిది ఎప్పుడు? సిరిసిల్ల పక్క పల్లె నుంచి పదిహేడేళ్లకు వచ్చాడు, సన్నగా కండె పుల్లలా. ముప్పై ఒక్క ఏళ్లు సాంచెలు నడిపాడు. పెళ్లయ్యాక నీరజ కూడా అదే కొట్టంలో చేరింది. అతనిది ఈ వరుస, ఆమెది ఎదుటి వరుస. మధ్యలో నడవ. భూదేవి మూలన కండెలు చుడుతూ వాళ్లను చూస్తూ ఉండేది. దశరథం అయిదు వేళ్లు ముద్దలా చేసి నోటి దగ్గరికి తెచ్చేవాడు: తిన్నవా? నీరజ తలాడించేది. అతను మణికట్టు మీద రెండు వేళ్లు కొట్టేవాడు: ఎప్పుడు? ఆమె వేళ్లతో గంట చెప్పేది. అరచేయి బోర్లించి నెత్తి మీద ఇంటికప్పులా పెడితే ఇంటికి పోదామని. కొట్టంలో అందరూ చేసేవే ఆ సైగలు, కానీ వాళ్లిద్దరి మధ్య అవి సరసం కూడా ఆడేవి, అలిగేవి కూడా. ఇంటికొస్తే ఇద్దరికీ అలుపు. వేరే మాటలతో పనేముంది?

తర్వాత శేఠ్ కొత్త రకం మగ్గాలు తెచ్చాడు. పది మంది చేసే పని ఇద్దరు చేస్తారు. పని పోయిన ఎనిమిది మందిలో దశరథం ఒకడు. చెవులు సగం అప్పటికే సాంచెలకు ఇచ్చేశాడు. నలభై ఎనిమిదేళ్ల వయసులో డ్రైవింగు నేర్చి, రాంప్రసాద్ అనే అతని దగ్గర పెట్రోలు కారు పట్టాడు.

ఆ కారు అతనికి అచ్చి వచ్చింది. తీగ పెడితే ఫోన్‌లో ఉన్నదంతా కారు తెర మీదికి వచ్చేది. దారులన్నీ తెలుగు అక్షరాల్లో. ఎక్కడికి పోవాలన్నా వేలితో నొక్కడమే. నీరజ ఫోన్ చేస్తే తెర నిండా ఆమె ముఖం, మార్కండేయ గుడి ముందు పసుపు చీరలో తీసిన ఫోటో. ఒక్క వేలు, అంతే. చేతి పని మనిషికి చేతికందిన బండి.

నాలుగు నెలల కింద రాంప్రసాద్ దాన్ని అమ్మి కరెంటు బండి తెచ్చాడు. దీని తెర పలకంత పెద్దది, కానీ ఫోన్‌ను లోపలికి రానివ్వదు. ఎవరైనా ఫోన్ చేస్తే గొంతు మాత్రం వినిపిస్తుంది, ఫోటో రాదు. దారి దానిదే, పాట దానిదే, హిందీ, ఇంగ్లీషు తప్ప అక్షరం లేదు. అన్నిటికీ మించి, ఏం కావాలో నోరు విప్పి చెప్పమంటుంది.

మంగళవారం పొద్దున భూదేవి చీర మార్చి, సంచి పట్టుకుని దశరథం బండికి అడ్డం నిలబడింది.

"పర్వత్ పాటియా కాడ మా చెల్లె కోడలికి జాకెట్ బట్ట ఇచ్చేదున్నది తమ్మీ. జర దింపిపో."

ఎక్కేముందు వెనక సీటు చూసింది. సీటు కింద చూసింది. "డిక్కీల సంచి పెడ్త," అని డిక్కీ కూడా తెరిపించింది. నీళ్ల డబ్బా, తుడిచే గుడ్డ, పుల్ల ఊడిన ఒక గొడుగు. ఆడమనిషి గుర్తు పిన్నీసంత కూడా లేదు.

ముందు సీట్లో కూర్చుందో లేదో, చెవిలో పిడుగు పడ్డట్టు ఆడగొంతు. "కహా జానా హై?"

భూదేవి సంచి కింద పడేసింది. "ఎవలే ఇది!"

"బండి అక్కా, ఏడికి పోవాలె అంటుంది," అన్నాడు దశరథం. "గొంతు మొత్తం పెంచిపెట్టిన. నాకు ఇనవడాలె గదా." అని తెర వైపు వంగి, సాంచెల మధ్య అరిచినట్టు అరిచాడు: "పర్వత్ పాటియా!"

"మాఫ్ కీజియే. ఫిర్ సే బోలియే."

"పర్వత్ పాటియా!"

"మాఫ్ కీజియే. ఫిర్ సే బోలియే."

"ఏమంటది?"

"మల్ల చెప్పుమంటుంది."

"నువ్వు జరుగు. ఏమే పిల్లా, పర్వత్ పాటియా పోవాలె, చెల్లె ఇంటికి, ఎండెక్కితే నా కాళ్లు పట్టుకుంటయి, ఇంటున్నవా?"

ఏమనుకుందో ఏమో, తెర మీద నీలం గీత పడింది. "చూసినవా, మర్యాదగ చెప్తే ఇంటది," అంది భూదేవి. పుకారు తల సగం అక్కడే తెగిపోయింది. ఆమెకు నవ్వాగలేదు. దశరథం మాత్రం నవ్వలేదు.

బండి కదిలిందన్న సంగతి గోడలు వెనక్కి పోతుంటే గాని తెలియలేదు. చప్పుడన్నదే లేదు.

"గింత సుకమైన బండి నా జన్మల ఎక్కలే తమ్మీ."

"నాకు కష్టం అక్కా. బయట చప్పుడు లేకుంటే చెవుల్ల సాంచెలు నడుస్తయి. ఇంట్ల గూడ అట్లనే."

ఇంట్లో అనగానే భూదేవికి మొన్న అతని గదిలోకి తొంగి చూసింది గుర్తుకొచ్చింది. రెండు కంచాలుండేవి. నీరజ కంచం ఇప్పుడు నీళ్ల కుండ మీద మూతయింది.

వంతెన దిగి సిగ్నల్ దగ్గర ఆగినప్పుడు బండి మోగింది. తెర మీద ఇంగ్లీషు అక్షరాలు, పక్కన బొమ్మ లేని గుండ్రం. దశరథం ఆ గుండ్రం కేసి ఒక్క క్షణం చూసి నొక్కాడు.

"ఏం చేస్తున్నవ్?" నీరజ గొంతు. బండంతా నిండిపోయింది.

దశరథం కుడిచేయి స్టీరింగ్ వదిలింది. అయిదు వేళ్లు ముద్దయి నోటి దాకా వెళ్లాయి. అక్కడే ఆగాయి.

"హలో? ఉన్నవా? ఇనవడుతుందా?"

"ఆఁ," అన్నాడు.

చేయి మెల్లగా మణికట్టు మీదికి దిగింది. రెండు వేళ్లు రెండుసార్లు తట్టాయి. భూదేవి చూస్తోంది. కిమ్‌లో ఎవరు చూస్తారు? నీరజది మీటల ఫోను, బొమ్మ కనపడేది కాదు. కూతురి పెద్ద ఫోన్ కూతురితోనే డ్యూటీకి పోతుంది.

"ఎప్పుడు ఫోన్ చేసిన గిదే. పలుకవు. గోడకు ఫోన్ చేసినట్టుంటది. సరే, పెట్టేస్తున్న."

టక్కున తెగింది. తెర మళ్లీ దారి చూపించింది. వెనక ఆటోవాడు హారన్ కొడుతున్నాడు, పచ్చలైటు పడి ఎంతసేపయిందో. భూదేవి కింద పడేసిన సంచి తీసి ఒళ్లో పెట్టుకుంది.

సాయంత్రం కుళాయి దగ్గర భూదేవి పంచాయితీ తేల్చేసింది. "ఆడమనిషి లేదు, అమ్మోరు లేదు. అది బండి గొంతు. నేను గూడ దానితోని మాట్లాడిన. నేనంటే దానికి భయం."

అందరూ నవ్వారు. బకెట్లు నిండాయి. సంధ్యారాణి మాత్రం కదలలేదు.

"సరే పెద్దమ్మా, బండే అనుకుందాం. మిషన్‌ను ఎవలన్న తిన్నవా అని అడుగుతరా? ఇంటికి రారాదు అని బతిమాలుతరా?"

రాత్రి టెంపో తోలి అప్పుడే నిద్ర లేచి, పక్కనే పళ్లు తోముతున్న ఆగయ్య ఉమ్మేసి, "ఎల్లుండి నీరజక్కకు ఏం చెప్పమంటవ్ అక్కా?" అన్నాడు, పండగ కబురు మోసుకుపోతున్నవాడిలా.

"నేను చెప్పినంక చెప్పు. అప్పటిదాంక ఆ బ్రష్షు నోట్లెనే ఉంచుకో."

బుధవారం సాయంత్రం ఆరు దాటింది. భూదేవి పాలగిన్నె పట్టుకుని గోదాము గోడ దాకా వెళ్లింది. తీగ తగిలించి ఉంది. సాంచె నడవని కొట్టంలా బండి మూగగా నిలబడి ఉంది. ముందు అద్దం మీద సాయంత్రపు ఎండ పడి జారిపోయాక లోపల దశరథం కనిపించాడు. చేతులు రెండూ తొడల కింద పెట్టుకుని కూర్చున్నాడు, కదలకుండా అదిమిపెట్టినట్టు. కళ్లు తెర మీద. పెదవులు కదులుతున్నాయి.

ఆమె చదివింది. నలభై ఏళ్ల విద్య, తప్పు పోయేది కాదు.

తిన్నవా. ఏం కూర. పిలగాడు పండుకున్నడా. ఎప్పుడొస్తవ్.

లోపలి నుంచి గొంతు అద్దాలు దాటి వచ్చింది: "మాఫ్ కీజియే. ఫిర్ సే బోలియే."

తిన్నవా. ఏం కూర. ఈసారి మెల్లగా, ఒక్కో మాట విడదీసి. మధ్యలో తప్పిపోయినట్టు ఆగి, తల విదిలించి, మళ్లీ మొదటి నుంచి.

భూదేవి వేలి ఉంగరంతో అద్దం మీద కొట్టింది. దశరథం ఉలిక్కిపడి తలుపు తెరిచాడు. ఆమె పాలగిన్నె ఒళ్లో పెట్టుకుని పక్కన కూర్చుంది. తలుపు వేసింది.

"దశరథం, నేను ముసల్దాన్ని. తిప్పితిప్పి అడుగుడు నాకు రాదు," అంది. అది అబద్ధమని ఇద్దరికీ తెలుసు. "గల్లీల ఒక మాట నడుస్తున్నది, నీ చెవిన పడ్డదో లేదో. రేపు ఆగయ్య కిమ్ పోతుండు. నీరజకు నేనేం చెప్పి పంపాల్నో నీ నోటితోని చెప్పు. రోజూ ఈడ కూసోని తిన్నవా, వస్తవా అని ఎవలను అడుగుతున్నవ్?"

తొడల కింద నుంచి అతని చేతులు బయటికి వచ్చాయి. గాలిలోకి లేచాయి, ఏదో చెప్పబోయాయి. అతను వాటిని చూసుకుని మళ్లీ ఒళ్లో పెట్టేశాడు.

"నేర్చుకుంటున్న అక్కా," అన్నాడు. "ఇరవై ఆరేండ్లు నీరజతోని చేతులతోనే మాట్లాడిన. ఫోన్ల చేతులు కనవడయి. ఏమనాల్నో ఎంతకూ నోటికి రాదు, ఆమె ఇసుగొచ్చి పెట్టేస్తది. ఈ బండికి తెలుగు ఎర్క లేదు, నేనేమన్న దానికి తెల్వది. కానీ పెట్టెయ్యదు. మల్ల చెప్పు అంటది. అందుకే మల్ల చెప్తున్న."