బిలాస్‌పూర్ నుంచి రెండు తిరుగు బెర్తులు

బిలాస్‌పూర్‌కి మనవాళ్ళు ఊరు చూడ్డానికి వెళ్ళరు. ఉద్యోగానికి వెళ్తారు, పెళ్ళి చేసుకుని వెళ్తారు, లేదంటే నాలాగా ఎవరినో బాగుచేసి వద్దామని వెళ్తారు. ఆ మూడో రకం వాళ్ళకి దారి తెలుస్తుందని ఇది రాస్తున్నాను.

నా చెల్లెలు పార్వతి అక్కడి రైల్వే కాలనీలో ఉంటుంది. భర్త అప్పలరాజు గూడ్సు రైళ్ళు నడిపే డ్రైవరు. ఒక్కతే కూతురు ఝాన్సీ, ఎమ్మెస్సీ మైక్రోబయాలజీ ఆఖరి సెమిస్టరు. బుధవారం సాయంత్రం పార్వతి ఫోన్ చేసి ఏడ్చింది. మావైపు అక్కని అప్పా అంటారు.

"అప్పా, పిల్ల లేబ్‌లో కళ్ళు తిరిగి పడిపోనాది. ఒంట్లో రక్తం లేదన్నాడు డాక్టరు. ఈ సదువూ వొద్దు, ఏటీ వొద్దు. నువ్వొచ్చి తీసుకుపో. ఆర్నెల్లు నీ కాడ ఉంచుకో."

"ఆఖరి సెమిస్టరు కదే?"

"వొచ్చే యేడు రాసుకుంటాది. నీ మాటైతే ఇంటాది."

నా మాట వింటారని ఎవరైనా అంటే కాదనే శక్తి నాకు లేదు. ఆఫీసులో సెలవు పెట్టి, వెళ్ళడానికి ఒక బెర్తు, ఆదివారం తిరిగి రావడానికి రెండు బెర్తులు తీసుకున్నాను. రెండోది ఝాన్సీ పేరు మీద.

గురువారం రాత్రి తొమ్మిది దాటాక విజయనగరంలో కోర్బా వెళ్ళే ఎక్స్‌ప్రెస్ ఎక్కాను. బండి వేళకే వచ్చింది, నాకు పోట్లాడే అవకాశం లేకుండా పోయింది. పులిహోర ఇంటినుంచి కట్టుకున్నాను, మీరూ కట్టుకోండి. ఎదురు బెర్తులో ఒక పెద్దాయన. పుట్టింది బొబ్బిలి వైపు, పెరిగింది బిలాస్‌పూర్, పని అక్కడి బోద్రీ హైకోర్టులో ఒక వకీలు దగ్గర గుమాస్తాగిరీ. సంగతి విని వెంటనే తీర్పు చెప్పేశాడు.

"బీట్‌రూటు, మేడమ్. రోజూ గ్లాసుడు. ఆడపిల్లలకి ఈ సైన్సు చదువులే పడవు. ఆ మందుల వాసనకే రక్తం ఇరిగిపోతాది."

"మీ వకీలు గారు కూడా ఇలాగే వాదిస్తారా?" అన్నాను.

"ఎలాగ?"

"సాక్ష్యం లేకుండా."

ఆయన దుప్పటి తలమీదికి లాక్కున్నాడు. నాకూ మంచి నిద్ర పట్టింది.

శుక్రవారం ఉదయం టిఫిన్ల వేళకి బిలాస్‌పూర్‌లో దిగాను. స్టేషను బయట ఆటోవాళ్ళు మీదపడుతుంటే వాళ్ళ వెనకనుంచి "పెద్దమ్మా!" అని కేక. ఝాన్సీ. స్కూటీ మీద కూర్చుని ఉంది. ముఖం పాలిపోయి, కళ్ళకింద నల్లగా, మెడలో కాలేజీ ఐడీ కార్డు.

"నిన్నెవరు పంపారే?"

"మమ్మీ. 'నిన్ను రెస్టు తీసుకోమని చెప్పడానికి పెద్దమ్మ వస్తోంది, లేటు చెయ్యకుండా ఎల్లి తీసుకురా' అంది."

నా సంచీ కాళ్ళదగ్గర పెట్టుకుని, నన్ను వెనక ఎక్కించుకుని, దారిలో వాళ్ళ మామ్మ కళ్ళలో వేసే చుక్కలమందు కొని, గ్యాసు బుకింగ్ సంగతి ఫోన్లో మాట్లాడుకుంటూ ఇంటికి తీసుకొచ్చింది. నేను వెనకనుంచి, "పిల్లా, నువ్వు రెస్టు తీసుకోవాలి" అని రెండుసార్లు చెప్పాను. హారన్లలో వినపడలేదనుకుంటాను.

క్వార్టరు గేటుకి ఎర్ర తువ్వాలు కట్టి ఉంది. ఝాన్సీ వీధి మొదట్లోనే ఇంజను ఆపి, బండి తోసుకుంటూ నడిచింది. డ్రైవర్లుండే వీధుల్లో ఆ తువ్వాలుకి ఉన్న గౌరవం గుళ్ళో దేవుడికి కూడా లేదు. ఇంట్లో మనిషి రాత్రి డ్యూటీ చేసొచ్చి పడుకున్నాడని దాని అర్థం. పాలవాడు గంట కొట్టడు. కూరలమ్మి కేక వెయ్యదు. మిక్సీ తిరగదు. కుక్కరు విజిలు వెయ్యకూడదు కనక పప్పు గిన్నెలో గంటసేపు ఉడుకుతుంది. పడుకున్నవాడికి నిద్ర చాలకపోతే వెనక ఉన్న యాభై పెట్టెలూ ఏమవుతాయో అందరికీ తెలుసు. మంచి పద్ధతే. నేను చెప్పులు చేత్తో పట్టుకుని లోపలికి వెళ్ళాను.

పార్వతి నన్ను కౌగిలించుకుని గుసగుసగా ఏడ్చింది. అప్పలరాజు తల్లి సింహాచలమ్మగారు మంచం మీదనుంచి గుసగుసగా కుశలం అడిగింది. అందరం పోహా తిన్నాం. ఝాన్సీ నిలబడే నాలుగు చెంచాలు తిని, ఐరన్ మాత్ర నోట్లో వేసుకుని టీ తాగేసింది.

"ఎమ్మెస్సీ గారూ, ఐరన్ మాత్ర టీతో వేసుకుంటే ఏమవుతుంది?"

"ఒంటికి సరిగ్గా పట్టదు, పెద్దమ్మా. టీలో టానిన్లు ఐరన్‌ని కట్టేస్తాయి."

"మరి?"

"నిమ్మకాయ పిండుకోడానికి టైము కావాలి కదా. టీ ఆల్రెడీ కప్పులో ఉంది."

జవాబుకి పూర్తి మార్కులు, రక్తానికి సున్నా. నేను నోరు తెరిచేలోగా స్కూటీ తోసుకుంటూ వెళ్ళిపోయింది.

ఆ రోజంతా ఇంట్లో కూర్చుని చూశాను. పార్వతి మంచిదే. కూతురంటే ప్రాణం. ఆ ప్రాణానికి గంటగంటకీ ఫోన్ చేస్తుంది. "అమ్మా, తిన్నావా? రెస్టు తీసుకో. వొచ్చీటప్పుడు చక్కీ కాడ గోధుమలు పట్టించి తెచ్చీ." ఇంకో గంటకి, "అలిసిపోకేం. కరెంటు బిల్లు కట్టీసావా?" సింహాచలమ్మగారు ఫోన్ తీసుకుని, "నా కంట్లో చుక్కలు నువ్వే ఎయ్యాల. మీ అమ్మ చెయ్యి గరుకు. నువ్వు తొందరగొచ్చీసి పడుకో, తల్లీ." మధ్యాహ్నం లేచిన అప్పలరాజు కూడా ఫోన్ చేశాడు. కళ్ళజోడు ఎక్కడుందని. అది ఆయన తలమీద ఉంది.

"పిల్ల ఇలాగైపోనాదంటే ఆ సదువువల్లే అప్పా," అంది పార్వతి ఫోన్ పెట్టేసి. "ఆ పురుగుల్ని చూసుకుంటూ అన్నం మానేస్తాది."

శనివారం పొద్దున్న, ఆ పురుగుల్ని నేనూ చూస్తానని స్కూటీ ఎక్కాను. కాలేజీ లేబ్ మేడమీద, ఒక మూల. బీరువాలాంటి వెచ్చటి పెట్టెలోంచి ఝాన్సీ గాజుపళ్ళాలు తీసింది. మస్తూరీ దగ్గర వరిచేలల్లో తనే మట్టి తవ్వి తెచ్చిందట. ఆ మట్టిలో కొన్ని సూక్ష్మజీవులు, గట్టిపడిన భాస్వరాన్ని కరిగించి వరి వేరుకి అందిస్తాయి. పళ్ళెంలో చిన్న చుక్క, దాని చుట్టూ తేటగా ఒక వలయం. ఆ వలయం ఎంత పెరిగిందో రోజూ కొలవాలి.

"ఈ చుక్క చూడు, పెద్దమ్మా. దీని పక్కవాళ్ళందరూ ఫెయిల్. ఇదొక్కటే తింటోంది, పెరుగుతోంది."

"నీకంటే నయం."

నవ్వింది. నవ్వుతూనే స్టూలు మీద కూర్చుండిపోయింది. తూలినట్టు నాకు కనపడకూడదని.

"నువ్వెందుకొచ్చావో తెలుసు," అంది. "టిక్కెట్టు కూడా తీశావట. బుధవారం దాకా వదిలెయ్, పెద్దమ్మా, ప్లీజ్. బుధవారంతో కొలతలు అయిపోతాయి. ఒక్క రోజు తప్పినా మొదటినుంచీ పెట్టాలి. ఈ సెమిస్టరులో మళ్ళీ టైమ్ లేదు. పాస్ అవ్వాలని మాత్రమే కాదు. ఇది పని చేస్తుందో లేదో నాకు తెలియాలి. బస్, అంతే."

జవాబు చెప్పబోతుంటే ఫోన్ మోగింది. "హా మమ్మీ" అంటూ ఒక చేత్తో స్కేలు, ఒక చేత్తో ఫోన్. కొలత మరిచిపోయి మళ్ళీ కొలిచింది. ఫోన్ మళ్ళీ మోగింది, పక్క క్వార్టరావిడ, వాళ్ళబ్బాయి ఫారం ఆన్‌లైన్‌లో నింపిపెట్టాలట. మళ్ళీ కొలిచింది. అన్నం డబ్బా సంచీలో అలాగే ఉంది. మూడోసారి మోగినప్పుడు ఫోన్ నేను లాక్కున్నాను.

"అమ్మా, రెస్టు తీసుకుంటున్నావా? ఇదిగో, వొచ్చీటప్పుడు..."

"ఝాన్సీ లేదు. డ్యూటీలో ఉంది," అన్నాను.

"ఎవులూ? అప్పా? డ్యూటీయేటి, లేబ్‌లో?"

"నీ మొగుడు ఇంజనెక్కి ఉండగా ఫోన్ చేసి గోధుమలు తెమ్మంటావా?"

"ఆయనికెలాగ సేస్తాను! ఇంజన్లో ఫోన్ ఎత్తకూడదు."

"ఇక్కడా అంతే," అని కట్ చేశాను. తర్వాత వచ్చినవన్నీ నేనే ఎత్తాను. పక్క క్వార్టరావిడకి హిందీలో చెప్పాను. నా హిందీకి ఆవిడ ఇంకెప్పుడూ ఫోన్ చెయ్యదు. ఝాన్సీ అరగంటలో కొలతలు ముగించి, వేళకి డబ్బా విప్పి అన్నం తింది. నేను ఆ ఊరికి వెళ్ళి చేసిన మొదటి ఉపయోగమైన పని అది.

సాయంత్రం అప్పలరాజు వరండాలో టీ తాగుతున్నాడు. ఎదురుగా కుర్చీ లాక్కున్నాను.

"ఏటి, వదినగారూ, కోపంగా ఉన్నారు?"

"ఒక రూలు అడుగుతాను, చెప్పు. రెస్టు చాలకుండా డ్రైవరు డ్యూటీకి వస్తే మీవాళ్ళు ఏం చేస్తారు?"

"బండి ఇవ్వరు. రెస్టయ్యాకే ఇస్తారు."

"ఉద్యోగం తీసేస్తారా?"

"అదేటండి! నిద్దర్లేదని ఉద్యోగం తీసీస్తారేటి ఎవడైనా? రెస్టు ఇస్తారు."

"మరి నా పిల్ల ఉద్యోగం ఎందుకు తీసేస్తున్నావు?"

అతను టీ కప్పు కింద పెట్టాడు.

"సదువు ఉద్యోగమేటమ్మా?" అంది లోపలినుంచి సింహాచలమ్మగారు.

"మీరు ఉండండమ్మా, చుక్కలు నేనేస్తాను," అన్నాను. "చూడు, రాజూ. నువ్వు లాగేది బొగ్గు. దానికోసం ఈ వీధి వీధంతా చెప్పులు చేత్తో పట్టుకుంటుంది. ఆ పిల్ల నీ క్వార్టరుకి స్టేషను మాస్టరు, గార్డు, పాయింట్స్‌మన్, కేంటీను అన్నీ. రెస్టు తీసుకో అని నలుగురూ చెప్తారు. గంటకొకరు డ్యూటీకి కాల్ ఇస్తారు. రెస్టులో ఉన్నవాడికి కాల్ ఇస్తే నువ్వు యూనియన్‌కి వెళ్తావు. అది ఎక్కడికెళ్తుంది?"

"విజీనారం," అంది పార్వతి ఏడుపు గొంతుతో. "నువ్వు తీసుకుపోతానన్నావు కదా!"

"అన్నాను. బుద్ధి లేక అన్నాను. దానికి కావలసింది మా ఊరు కాదే. నిద్ర, నిమ్మకాయ, మీ ముగ్గురి నోటికి తాళం."

వాదనలో నేను గెలిస్తే ఎదుటివాళ్ళు సాధారణంగా లేచి వెళ్ళిపోతారు. అప్పలరాజూ లేచాడు. గేటు దగ్గరికి వెళ్ళి, పగలు కట్టి ఇంకా తియ్యని ఎర్ర తువ్వాలు విప్పి, దులిపి, తెచ్చి ఝాన్సీ గది తలుపు గొళ్ళేనికి కట్టాడు. ముడి సరిగ్గా పడిందో లేదో ఒకసారి లాగి చూశాడు. రైల్వేవాడు కదా.

"బుధవారం దాకా సూద్దాం," అన్నాడు పెళ్ళాంతో. "ఆ తరవాత డాక్టరు ఏటంటే అది."

ఆదివారం కొలత సాయంత్రం తీసినా చాలునట. ఝాన్సీ పొద్దున్న తొమ్మిదిదాకా పడుకుంది. ఆ ఇంట్లో ఆడమనిషి తొమ్మిదిదాకా పడుకోవడం అదే మొదలట. సింహాచలమ్మగారు తలుపువైపు చూసి, "ఏటి, ఇంజను తోలొచ్చినాదేటి?" అని సణిగింది, కానీ గుసగుసగానే సణిగింది. తువ్వాలు అలవాటు అలాంటిది. లేచాక మాత్ర నిమ్మనీళ్ళతో వేయించాను. గోధుమలు పార్వతి చక్కీకి మోసుకెళ్ళింది. నూరేళ్ళ బరువు మోసినదానిలా తిరిగొచ్చింది, నేను పట్టించుకోలేదు.

సాయంత్రం ఆరు దాటాక బండి. ఝాన్సీ లేబ్‌కి వెళ్ళింది, స్టేషనుకి రానివ్వలేదు. ఆటోలో వచ్చాను. నూట యాభై అన్నాడు, నూటికి ఒప్పించాను, మీరు ఇంకా తగ్గించగలిగితే మీ గొప్ప. రెండో టిక్కెట్టు మధ్యాహ్నమే రద్దు చేశాను. ఆ బెర్తు వెయిటింగ్ లిస్టులో ఉన్న ఒకావిడకి వచ్చింది, టిట్లాగఢ్ దాకా.

"మీ పక్కన ఎవరో రావాలేమో, రాలేదా, దీదీ?" అంది హిందీలో, సంచులు సర్దుకుంటూ.

"రాలేదు. బాగుంది కనక రాలేదు," అన్నాను. ఆవిడకి అర్థం కాలేదు. అప్పటికి నాకే పూర్తి నమ్మకం లేదు.

రాయపూర్ దాటాక ఫోన్. పార్వతి, గుసగుసగా. "అప్పా, పిల్ల కొలతలు తీసుకొచ్చి, తిని పడుకుంది. తలుపుకి తువ్వాలు కట్టేను."

"మరింకేం?"

"ఆయనకి డ్యూటీ కాల్ వొచ్చింది. అన్నం కేరియర్ కట్టాల. నాకా గోధుమల మోతకి నడుం పట్టీసింది. పిల్లని లేపనా, ఒక్క పావుగంట?"

"లేపావంటే తర్వాతి స్టేషన్లో దిగి వెనక్కి వస్తాను. మీ ఆయనకి ఫోన్ ఇయ్యి."

గిన్నెల చప్పుడు, ఆ తర్వాత అప్పలరాజు గొంతు. ముప్ఫై ఏళ్ళుగా బొగ్గు బండ్ల హారన్ల మీద అరిచిన గొంతు, ఊపిరికంటే నెమ్మదిగా: "వదినగారూ, పప్పుకి ఎన్ని విజిల్స్?"

"విజిల్ వద్దు, రాజూ," అన్నాను. "పిల్ల పడుకుంది. గిన్నెలో ఉడకబెట్టు."

"అచ్ఛా, వదినగారూ," అన్నాడు. ఫోన్ పెట్టెయ్యడం మరిచిపోయాడు. గిన్నె మీద మూత పెట్టిన చప్పుడు, ఆ ఇంట్లో ఎవరూ వినకూడని చప్పుడు, నాకొక్కదానికే వినిపించింది.