నల్ల బీరువా మీద బంగారు కొంగ

2022 వానాకాలం. మాదాపూర్‌లోని ఒక ఆఫీసు నుంచి పని ఉంది రమ్మని కబురొచ్చింది. బోరబండలో పాత సామానుకు పాలిష్ పెట్టే దుకాణం మాది. మూడో తరగతితో బడి మానినా ఈ పని మా ఆయన దగ్గర నేర్చుకున్నాను, ఆయన పోయాక కూడా చేస్తున్నాను.

సామాను ఒక చిన్న నల్ల బీరువా. తలుపుల మీద బంగారు రంగులో గొడుగు పట్టిన చీనా మనిషి, వాడి వెనక ఇల్లు, ఆ ఇంటికన్నా పెద్ద కొంగ. దీన్ని జపానింగ్ అంటారు. చీనా, జపాన్ సామాను మీద మోజుపడ్డ యూరప్ వాళ్లు, అక్కడి చెట్టు జిగురు దొరక్క, లక్కను స్పిరిట్‌లో కరిగించి పూతలు పూసి చేసుకున్న నకలు. కొంగ చుట్టూ పూత తెల్లగా పాలిపోయింది.

పక్కన హౌస్‌కీపింగ్ పిల్ల లావణ్య. ఒక్కచోట నిలబడదు. లిఫ్ట్ చప్పుడైనప్పుడల్లా తలుపు దాకా పోయి వస్తోంది. బీరువా ఆ ఆఫీసు మేడంది. మధ్యాహ్నానికి వస్తుందట.

"ఏంది పిల్లా ఇది? కండ్లు నెత్తికెక్కినయా? దేంతోని తుడిచినవ్?" అని గద్దించాను.

"నీళ్లతోనే అవ్వా. ఉత్త తడిగుడ్డ."

తడికి తెల్లబారిన పూత మీద స్పిరిట్ గుడ్డను తేలిగ్గా లాగితే చెమ్మ పోయి నలుపు తిరిగొస్తుంది. చిరిగిన బనియన్ ముక్కను ఉండ చేసి, స్పిరిట్ దండగ కాకుండా చుక్కచుక్కగా తడిపి, కొంగ మెడ దగ్గరికి తెచ్చాను. వాసన గుప్పుమంది. లావణ్య నా మణికట్టు పట్టేసుకుంది.

"వద్దవ్వా! గా వాసనే... శానిటైజర్‌తో తుడిచిన. చెప్తే నౌకరీ పోతదని భయమైంది."

శానిటైజర్‌లో ఉండేదీ స్పిరిట్ జాతిదే. పూత అప్పటికే మెత్తబడి ఉంది. ఇంకోసారి స్పిరిట్ తగిలితే కొంగ నా గుడ్డకు అంటుకుని వచ్చేసేది.

"ఇగ ఇయ్యాల ఏం చేయరాదు. గట్టిపడేదాక ముట్టొద్దు. మేడంకు చెప్పు పో."

"జర నువ్వే చెప్పరాదు అవ్వా?"

"తుడిచింది నేనా?"

మేడం వచ్చింది. ఆమె గది అద్దం అవతల ఇద్దరూ మాట్లాడుతుంటే నాకు కూర్చోబుద్ధి కాలేదు. పని లేకపోయినా సంచి సర్దాను, విప్పాను, మళ్లీ సర్దాను. చివరికి లావణ్య కళ్లు తుడుచుకుంటూ బయటికొచ్చింది.

"మస్తు తిట్టింది. పొమ్మనలే. ఇగ పొడి గుడ్డే వాడాలంట."

పూత గట్టిపడ్డాక మళ్లీ వెళ్లి సరిచేశాను. కొంగ నిలిచింది. మెడ పక్కన మాత్రం చిన్న మచ్చ ఉండిపోయింది.

ఇప్పుడు ఎవరు సామాను తెచ్చినా, దేంతో తుడిచారని ముందు మెల్లగా అడుగుతాను. గద్దించడం మానలేదు. జవాబు విన్నాకే గద్దిస్తాను.