షట్టర్ దించని మేడమ్

మా మేడమ్ పోయారని మొన్న సోమవారం ఆఫీసు వాట్సాప్ గ్రూపులో చూశాను. రిటైరై ఏడాది కూడా కాలేదు. శాలిబండలో వాళ్లింటికి వెళ్లేసరికి గల్లీ నిండా మా డిపార్ట్‌మెంటు వాళ్ల బళ్లే. గుండెపోటట.

ప్రభుత్వ వెబ్‌సైట్లను కాపాడే మా విభాగానికి ఆమె పెద్ద. మా మీద జరిగే దాడుల్లో చాలావరకు దొంగతనాలు కావు. ఎవరో వేల కంప్యూటర్ల చేత ఒకేసారి మా సైటును అడిగిందే అడిగిస్తారు. ఆ తొక్కిసలాటలో, నిజంగా పనిమీద వచ్చిన మనిషికి పేజీ తెరుచుకోదు. వాళ్లకు కావలసింది అదే.

దాడి మొదలైతే మేడమ్ చేతి గాజులు తీసి మౌస్ పక్కన పెట్టేవారు. మేమంతా స్క్రీన్ మీద గ్రాఫులు చూస్తుంటే, ఆమె మాదన్నపేట కూరగాయల మార్కెట్ పక్కన నెట్ సెంటర్ నడిపే భాయ్‌కి ఫోన్ చేసేవారు.

"మన గ్రాఫు అంతా మంచిగున్నదని మనకు సలాం కొడ్తది బిడ్డా. జనాలకు తెరుచుకుంటుందా లేదా, భాయ్ చెప్తడు."

కాన్వెంటులో చదివిన నాకు, అడిగితే తప్ప మాట్లాడే అలవాటు లేదు. ఆ ఫోన్లు నాతో చేయించి మాట నేర్పింది ఆమే.

ఒకరోజు పొద్దున సర్కారు దవాఖానాల సైటు మీద దాడి జరిగింది. డయాలసిస్‌కు స్లాట్ అందులోనే తీసుకోవాలి. మర్నాటి స్లాట్ మధ్యాహ్నంలోగా ఖాయం చేసుకోకపోతే ఇంకొకరికి పోతుంది. భాయ్ స్పీకర్‌లో ఉన్నాడు.

"గిర్రగిర్ర తిరుగుతనే ఉంది అక్కా. ఈడ ఒక అమ్మ పొద్దటి సంది కూసున్నది. రేపు ఆమె పెనిమిటికి డయాలసిస్. స్లాట్ పడకపోతే ఏంది సంగతి?"

అంతలో పై ఆఫీసర్ వచ్చి కూర్చున్నారు. దాడిలో సగం ఒకే మొబైల్ కంపెనీ అడ్రస్ నుంచి వస్తోంది. ఆ కంపెనీ నెట్ వాడేవాళ్లంతా, భాయ్‌తో సహా, మాకు ఆ ఒక్క అడ్రస్ మీదే కనిపిస్తారు.

"ఆ అడ్రస్ బ్లాక్ చెయ్యండి. లేకుంటే సైటే బంద్ పెట్టండి."

"దాని వెనక సగం పాతబస్తీ ఉన్నది సార్. గుంపును చూసి షట్టర్ దించితే బేరానికొచ్చినోళ్లు సుత పోతరు. దాడి చేసేటోళ్ల పని మనమే చేసిపెట్టినట్టు."

దాడంతా పేజీలోని సెర్చ్ పెట్టె మీదే పడుతోందని ఆమె గమనించారు. నాతో దాన్ని తీయించారు. పేజీ తేలిక కావడానికి, పైనున్న పెద్ద పెద్ద ఫోటోలు తనే తీసేశారు.

ఆఫీసర్ లేచి నిలబడ్డారు. "పెద్దల ఫోటోలు తీసేసిండ్రా? రేపే నన్ను ట్రాన్స్‌ఫర్ కొడ్తరు మేడమ్!"

"సాయంత్రం మళ్ల పెడ్తం సార్. అప్పటిదాంక వాళ్లను జర రెస్ట్ తీసుకోనియ్యండి."

తెల్లటి పేజీ మీద స్లాట్ ఫారం ఒక్కటే మిగిలింది.

"ఆగు అక్కా... వస్తుంది... ఆ, పడ్డది!"

"పడ్డదా కొడుకా?" వెనక నుంచి ఆ అమ్మ గొంతు. తర్వాత ప్రింటర్ కరకర.

భాయ్ ఫోన్ పెట్టేయడం మరిచిపోయాడు. మేడమ్ కూడా కట్ చేయలేదు. దాడి ఇంకా ఆగలేదు. స్పీకర్‌లో స్లాట్ కోసం వచ్చినవాళ్లు అరుస్తున్నారు: "నా తర్వాతనే నువ్వు, జరుగు!" "నేనెప్పుడొచ్చిన్నో భాయ్‌ని అడుగు!" మేడమ్ గడ్డం కింద చెయ్యి పెట్టుకుని, కళ్లు మూసుకుని, ఆ లైన్ లొల్లి వింటూ కూర్చున్నారు.