పాత పిన్ని స్వెట్టరు

ఒంటి మీదున్న స్వెట్టరు విప్పి ఇమ్మని దర్శకుడు అడిగితే పాత పిన్ని ఇచ్చేసింది. ఓ హిందీ వెబ్ సిరీస్‌కి దుస్తుల గదిలో ఆమె పని చేస్తోంది. కొత్త బట్టలను గరుకు కాగితంతో రుద్ది, టీ నీళ్లలో నానబెట్టి, ఏళ్ల తరబడి తొడిగినట్టు చేస్తుంది. అందుకే ఆమె అందరికీ పాత పిన్ని.

కథేమో హక్కుల కోసం సమ్మెకు దిగిన ఆడకూలీలది. నాయిక కోసం ఆమె ఎన్ని స్వెట్టర్లు అరగదీసినా దర్శకుడి కంటికి ఆనలేదు. పిన్ని వేసుకున్నది నచ్చింది. అది చనిపోయిన వాళ్లక్క అల్లి ఇచ్చినది. షూటింగ్ అయ్యేదాకా ఉతకడానికి కూడా వీల్లేదన్నారు, మరకలు మారితే సీన్లు అతకవట. పిన్ని ఓర్చుకుంది.

షూటింగ్ ముగిశాక వెళ్లి అడిగింది.

"రెండో సీజన్ ఉంది పిన్నీ, బీరువాలో పెట్టి తాళమేశాం. నీకు కొత్తది కొనిస్తాంలే," అన్నాడు మేనేజర్.

"కొత్తది నాకెందుకు నాయనా? కొత్తవాటిని పాతవి చేసీ చేసీ చేతులు పడిపోయాయి. పోనీ, అచ్చం అలాంటిదే అల్లి, మోచేతులు అరగదీసి ఇస్తాను. మా అక్కది నాకిచ్చెయ్."

"కెమెరా పట్టేస్తుంది పిన్నీ. స్వెట్టరు కోసం ఇంత రాద్ధాంతమా?"

"సర్లే," అంటూ ఆమె మళ్లీ పనిలో కూర్చుంది. రోజంతా రెక్కలరిగిన మనిషికి పోట్లాడే ఓపిక ఎక్కడిది?

ఆ సిరీస్ చూసి మనందరం కళ్లు తుడుచుకున్నాం. సమ్మె సీనులో నాయిక వేసుకున్న గోధుమరంగు స్వెట్టరు అదే. ఆ సిరీస్ తీసిన కంపెనీకి ఈరోజే ఒక్క వాక్యం రాయండి: ఎవరిది వారికి ఇచ్చేయండి.