జీన్ ప్యాంటులో వడగట్టిన నూనె

కృష్ణపట్నం నుంచి నెల్లూరు వచ్చే బస్సులో నా పక్కన కూర్చున్న మనిషి కాళ్ళ మధ్య నూనె క్యాన్లు పెట్టుకున్నాడు. క్యాంటీన్లలో వాడేసిన నల్ల నూనె కొని, ఇంట్లో వడగట్టి బజ్జీల బండ్లకు పోస్తాడట. సిగ్గు లేకుండా గొప్పగా చెప్పాడు.

“పెయింట్ బకెట్ అడుగున బెజ్జాలు పెట్టి, పాత జీన్ ప్యాంటు గుడ్డ కట్టినా. మాడిన పిండంతా పైనే ఆగిపోతాది. చూడన్నా, కొత్త నూనె మాదిరి లేదా?” అని సంచిలోంచి వడగట్టిన నూనె సీసా తీసి చూపించాడు.

“కంపు పోతుందా?” అన్నాను.

“మిరపకాయ ఘాటులో కంపు ఎవురికి తెలుస్తాదిలే!” అని నవ్వాడు.

ముత్తుకూరులో బస్సు ఆగింది. ముందు సీట్లో ఒకావిడ కిటికీలోంచి బజ్జీలు కొని, ఒళ్ళోని బిడ్డకు తినిపించబోయింది. ఇతను చటుక్కున లేచి ఆమెను ఆపాడు.

“వద్దక్కా, బిడ్డకు పెట్టబాక. ఆ బండికి నూనె పోసేది నేనే.”

ఆమె పొట్లాన్ని బయటికి విసిరేసింది. అతను పుణ్యం చేసినవాడిలా నా వైపు చూశాడు.

“మరి మిగతావాళ్ళ బిడ్డల సంగతేంది?” అని అడిగాను.

“వాళ్ళు నా కంటికి కనపడరు కదన్నా.”

నేను లేచి, నెల్లూరు దాకా నిలబడే వచ్చాను.