పెద్దబాపు పది నిమిషాలు

మా పెద్దబాపు పోయిన బుధవారం పొద్దున సూరత్ నవాగామ్‌లోని తన ఇంట్లో కన్నుమూశాడు. మంచం మీద నుంచి లేవబోయి మళ్ళీ ఒరిగిపోయాడట. "మీ పెద్దబాపు పోయిండు బిడ్డా, జర తొందరగ రా" అని పెద్దమ్మ ఫోన్ చేసినప్పుడు నేను ఆఫీసులో ఉన్నాను. కార్ఖానాలో పనిచేసేవాళ్ళ బాగోగులు చూడడం నా ఉద్యోగం. ఆయన విషయంలో ఆ పని నేను ఎలా చేశానో చెప్పకుండా ఆయన గురించి రాస్తే అబద్ధమవుతుంది.

ఆయన మా నాన్నకు అన్న. మరమగ్గాలను మావాళ్ళు సాంచాలంటారు. మీసాలు రాని వయసులో సూరత్ వచ్చి, సాంచాల మధ్యనే పెరిగి, చివరికి నలభై సాంచాల మీద అజమాయిషీ చేసే మాస్టర్ అయ్యాడు. నేను ఇక్కడే పుట్టాను. కాలేజీలో సైకాలజీ చదివాను. అదే కార్ఖానాలో ఉద్యోగం ఖాళీ ఉందని తెలిసి, నన్ను వెంటబెట్టుకుని యజమాని సేట్ దగ్గరికి తీసుకెళ్ళింది ఆయనే.

షిఫ్ట్ మారే వేళ పది నిమిషాలు సాంచాలు ఆపించేవాడు. నడుస్తుంటే ఆ చప్పుడులో పక్కవాడి మాట కూడా వినపడదు మరి. దిగిపోయే ప్రతి మనిషి దగ్గరా ఆగి, "ఇయ్యాల సాంచ ఎట్ల సతాయించింది?" అని అడిగేవాడు. నాకు వింతగా ఉండేది.

"పెద్దబాపూ, మనిషిని అడగక సాంచను అడుగుతవేంది?" అన్నానొకసారి.

"మనిషిని ఎట్లున్నవంటె మంచిగనే ఉన్న అంటడు. సాంచ సంగతి అడిగి చూడు. దారం తెగుతుందని మొదలువెట్టి ఇంటిదాంక వస్తడు."

ఇంటిదాకా వచ్చిన మాటను బట్టి మర్నాటి పని మార్చేవాడు. నిద్ర లేనివాడిని సాంచాల దగ్గరి నుంచి తప్పించి బట్ట మడతపెట్టే చోట కూర్చోబెట్టేవాడు. నేత బాగుంటే బొటనవేలితో తడిమి చూసి, అది నేసినవాడికి మాత్రమే వినిపించేలా ఒక మాట చెప్పేవాడు. "అందరి ముందల మెచ్చుకుంటె పక్కోని మనసు చిన్నవోతది" అనేవాడు.

నేను చేరిన ఏడాదికే కొత్త పద్ధతి పెట్టాను. గేటు దగ్గర ఒక కాగితం, దాని మీద మూడు బొమ్మలు: నవ్వే ముఖం, మామూలు ముఖం, ఏడుపు ముఖం. లోపలికి వచ్చేవాళ్ళు తమ పేరు పక్కన ఒకదానికి టిక్కు పెట్టాలి. మనసు సంగతి కాగితమే చెబుతుంది కాబట్టి ఆ పది నిమిషాలు సాంచాలు ఆపనక్కరలేదని సేట్‌ను ఒప్పించాను.

పెద్దబాపు నా గదికి వచ్చాడు. కుర్చీ చూపించినా కూర్చోలేదు.

"కాయితం మంచిదే బిడ్డా. గానీ ఆ పది నిమిషాలు తియ్యకు. వాళ్ళు గీసిన గీతను సూసి కాయితం మళ్ళ ఇంకో మాట అడగదు."

"ఇది చదువుకున్నోళ్ళు ఆలోచించి పెట్టింది పెద్దబాపూ. జర నడవనియ్యి."

"సరే" అన్నాడు. మళ్ళీ ఆ మాట ఎత్తలేదు.

రెండో నెలలో ఒక ఒడియా కార్మికుడి చేయి సాంచాను తిప్పే బెల్టులో పడి రెండు వేళ్ళు నలిగిపోయాయి. అతని భార్య ఆసుపత్రిలో ఉంది. మూడు రోజులుగా అతనికి నిద్ర లేదు. ఆ పొద్దున కూడా నవ్వే ముఖానికే టిక్కు పెట్టి లోపలికి వచ్చాడు.

ఇది ముందే ఎవరు చూసుకోవాల్సింది అని సేట్ అడిగాడు. టిక్కుల కాగితం నా చేతిలోనే ఉంది. "మాస్టర్ చూసుకోవాల్సింది" అన్నాను.

పెద్దబాపు అక్కడే నిలబడి ఉన్నాడు. నా వైపు ఒకసారి చూశాడు. "ఔను సేట్, నేనే సూడలేదు" అని హిందీలో అన్నాడు. మర్నాటి నుంచి ఆయన్ని రావద్దన్నారు.

తర్వాత ఆ కాగితాలు నేనే తీయించేశాను. పది నిమిషాలు మళ్ళీ తెచ్చాను. మంచి ఆలోచన చేశావని సేట్ అందరి ముందూ నన్ను మెచ్చుకున్నాడు. అది ఎవరి ఆలోచనో నేను చెప్పలేదు.

మొన్న దసరాకు వాళ్ళింటికి వెళ్ళినప్పుడు పెద్దబాపు అడిగాడు: "నీ కంప్యూటర్ ఏమన్న సతాయిస్తుందా బిడ్డా?"

"లేదు పెద్దబాపూ, మంచిగనే నడుస్తుంది."

ఆయన ఇంకా నా ముఖం వైపే చూస్తున్నాడు. నేను ఫోన్ తీశాను. ఆయన లేచి, చాయ్ పెట్టమని చెప్పడానికి వంటింట్లోకి వెళ్ళాడు. ఆయన అడిగింది కంప్యూటర్ గురించి కాదని తిరిగి వస్తూ ఆటోలో కూర్చున్నాక గాని నాకు వెలగలేదు.

చనిపోయిన మూడో రోజున పెద్దమ్మ ఒక్కతే దొరికితే చెప్పాను. "పెద్దమ్మా, ఆనాడు తప్పు నాది."

ఆమె కళ్ళు తుడుచుకోలేదు, ఆశ్చర్యపోలేదు. "గప్పుడే అన్నడు. పిల్ల కొత్తగ చేరింది, భయపడ్డది అన్నడు. గంతే, ఇంకేం అనలె." గుమ్మం వైపు కదులుతూ, "నువ్వన్న వచ్చి ఆయనకు చెప్తవని ఎదురుసూసిన" అంది.

అప్పటికే పొద్దుటి షిఫ్ట్ దిగినవాళ్ళు వచ్చి లోపల చాప మీద కూర్చున్నారు. గుమ్మం ముందు వాళ్ళ చెప్పులు ఒకదాని మీద ఒకటి పడి ఉన్నాయి, పట్టీలకు దూది నూగు అంటుకుని. వెళ్ళేటప్పుడు తొడుక్కోవడానికి వీలుగా పెద్దమ్మ వంగి ఒక్కొక్క జతనూ వీధి వైపు తిప్పి పెడుతోంది. చివరన నా చెప్పులు ఉన్నాయి. వాటినీ తిప్పి, పక్కపక్కన సర్ది పెట్టింది.